బూదికోట పేర్లు నిలవాలి

మారికుప్పం బంగారు గని కార్మికుల కుటుంబంలో పుట్టిన క్లారా రోజూ తమక ఊళ్ళోని ఆఫీసుకు వచ్చి, కంప్యూటర్ ప్రోగ్రాములు సరిగా నడుస్తున్నాయో లేదో చూసే పరీక్షలు రాస్తుంది. పాలు పోసే రైతుల పేర్లు వెతికే హ్యాష్ టేబుల్ ఇప్పుడామె చేతిలో ఉంది. పేరు మొదటి అక్షరాలతో గడి లెక్కగట్టి అది నేరుగా అక్కడికే పోతుంది. ఆ గడి నిండితే పేరును పక్క గడిలో పెడుతుంది; వెతికేటప్పుడూ ఖాళీ గడి వచ్చేదాకా పక్కపక్కనే చూసుకుంటూ పోతుంది. పేరు దొరకలేదంటే పాల సొసైటీలో క్యాను తిప్పి పంపుతారు. ఆ పాలు పిండినామెకు జవాబు చెప్పే నాథుడుండడు.

పై అధికారి ప్రిన్స్‌కు ఈ పరీక్షలంటే విసుగు. ప్రతిదీ ముందు లక్ష ఉత్తుత్తి పేర్లు నింపుకుని నిదానంగా నడుస్తుంది.

"రేపు బూదికోటలో మొదలుపెట్టాల. ఇది ముగిసేలోపల అన్నం తినొచ్చేస్తా. తీసేయమ్మా వీటిని," అన్నాడు.

"తీసేసి, పాలు పోసే ఆడోళ్ళ మీద పరీక్ష చేస్తావాప్పా? సాయంత్రందాకా ఆగు," అంది క్లారా.

పక్క సీట్లో పనిచేసే బూదికోట అమ్మాయి చంద్రిక తెరలోకి తొంగిచూసింది. వెతికే పేర్లన్నీ క్లారా తన కాలనీ నుంచి తెచ్చినవే.

"జూలీ, సెబాస్టియన్... ఇది చర్చి హాజరా? మా ఊర్లో యాడ ఉండారు వీళ్ళు? చిన్న అని పిలిస్తే సగం వీధి తిరిగి చూస్తాది."

క్లారాకు చురుక్కుమంది. తన కాలనీ పేర్లు దేని గడిలో అది ఒంటరిగా కూర్చుంటాయి. లక్ష నింపినా వాటికి ఇరుకు రాలేదు. లక్ష తీసేసి ఎనిమిది గడుల టేబుల్ కట్టింది. చిన్నవెంకటమ్మ, చిన్నవెంకటప్ప, చిన్నక్క, ముగ్గురూ ఒకే గడికి పోటీపడ్డారు. మొదటి పేరు తీసేసి, పక్క గడిలో ఉన్న రెండోది అడిగింది. ఖాళీ గడి చూడగానే ప్రోగ్రాం అక్కడే ఆగి, లేడు పొమ్మంది.

"ఒకరు మానేస్తే ఎనకుండే వాళ్ళ పేరు కూడా పోతాదా?" అంది చంద్రిక.

"పోనిస్తే కదా."

తీసేసిన గడిలో, ముందుకెళ్ళి చూడమనే గుర్తు పెట్టించింది క్లారా. పేర్లను ఎన్ని వరుసక్రమాల్లో చేర్చవచ్చో, తీయవచ్చో అన్నీ పరీక్షలో పెట్టింది. ప్రిన్స్ కుర్చీ లాక్కునేలోపల అన్నీ పాసై తెర మీద ఆకుపచ్చగా వచ్చేసినాయి.

"అయిపోయిందా?"

"అయింది. ఇంగ ఈ పరీక్షలు తీసేయమంటావా?"

"ఉండనీమ్మా. ఇది దాటకుండా ఏదీ బయటికి పోకూడదు."

"ఆ మాట అందరికీ మెయిల్ పెట్టప్పా, ఇప్పుడే."

ప్రిన్స్ మెయిల్ పంపేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.