ఓటు పెట్టని దొర

స్వరాజ్యం వచ్చిన కొన్నేళ్లకు, కరువు రోజుల్లో, ఆత్మకూరు నుంచి ఒక తెల్లదొర జీపులో ఉదయగిరి వైపు పల్లెలకు వచ్చి బావులు లోతు చేయించేవాడు. క్వేకరు మతం వాడట, కిరస్తానీల్లోనే ఒక శాఖ. మా ఊళ్లో పూర్తిగా ఎండనిది మా బావి ఒక్కటే. భూములు, గుర్రబ్బండి అన్నీ పోయాక మాది అని చెప్పుకోవడానికి మిగిలిందీ అదే. దాన్ని లోతు చేసి ఊరందరికీ వదలాలని దొర అడిగాడు.

బడి పాకలో చాపలు పరిపించి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. నాకూ కుర్చీ లేదు. ఒకప్పటి మా పాలేరు మోకాలు నా మోకాలికి తగులుతోంది. తమ మతంలో పూజారి లేడనీ, ప్రతి మనిషి లోపలా ఒక వెలుగు ఉంటుందనీ, మౌనంగా కూర్చుంటే అదే మాట్లాడిస్తుందనీ చెప్పి దొర కళ్లు మూసుకున్నాడు. ఊరవతలి పాలెంలోని బాప్టిస్టు కిరస్తానీలు పాట కోసం ఎదురుచూసి, తమలో తాము గుసగుసలాడారు.

"పాట లేదు, పాస్టరు లేడు. ఏందిరా ఈ ప్రార్థన?"

"నోరు మూసుకోరా. అదే ప్రార్థనంట."

చాలాసేపటికి నేను లేచాను. "అది మా తాత తవ్వించిన బావి. ఇచ్చేది లేదు."

చేతులెత్తిస్తారని కాచుకున్నాను. దొర ఎత్తించలేదు. వాళ్లలో ఓటు ఉండదట; ఒక్కడు కాదన్నా పని ఆగుతుందట. "ఆయనకు ఇష్టం లేదు. అయితే తవ్వం" అని అందరికీ దణ్ణం పెట్టి జీపెక్కాడు. గెలిచాననుకుని ఇంటికి పోయాను.

మర్నాటి నుంచి తెలిసింది. పాలెం ఆడవాళ్లు వాగులో చెలమలు తోడుకుని, కడవలతో మా వాకిలి ముందునుంచే నడిచేవాళ్లు. ఒక అవ్వ రోజూ మా అరుగు దగ్గర ఆగేది.

"దొర తవ్విస్తానన్నాడు. ఊరంతా కావాలన్నారు. వద్దన్నది నువ్వొక్కడివే కదయ్యా. ఇంతమందిని ఒక్కడివే ఆపినావు, ఎంత బలమయ్యా నీది!"

"పో అవ్వా, పో."

"పోతుండాలే. నీళ్లకే."

దొర మళ్లీ వచ్చాడు. మళ్లీ చాపలు, మళ్లీ మౌనం. ఒక్కరూ నావైపు చూడలేదు. తిట్టినా భరించేవాణ్ణి. ఆఖరికి "తవ్వుకోండి" అన్నాను. నాలోని వెలుగు మాట్లాడిందన్నాడు దొర. అబద్ధం. నన్ను మాట్లాడించింది ఆ అవ్వ నోరు.

ఆ మతాన్ని ఎవరైనా మెత్తని మతమంటే ఇప్పటికీ నేను ఒప్పుకోను. చేతులెత్తించి ఉంటే ఓడిపోయేవాణ్ణి. బావి లాక్కున్నారని చచ్చేదాకా చెప్పుకునేవాణ్ణి. ఆ మాట కూడా నాకు మిగల్చకుండా, నా నోటితోనే ఇప్పించుకుని పోయాడు.