తేమ మీటరు సరిచేయడానికి పామిడి దాకా

కాచిగూడలో రాత్రి రైలెక్కేసరికే నాకు ఒళ్లు మండుతోంది. సాయంత్రం ఆఫీసులో మా బాసు, "రేపు పామిడి వెళ్లు. మన మీటరు బాగానే ఉందని చూపించి, సంతకం పెట్టించుకుని వచ్చెయ్" అన్నాడు. చూడకముందే బాగుందని ఎలా చెప్పమంటాడు?

నా పని తేమ మీటర్లు సరిచేయడం. కాంక్రీటు కలిపే పెద్ద డ్రమ్ము అడుగున అరచేతంత బిళ్ల ఒకటి బిగించి ఉంటుంది. పచ్చి కాంక్రీటులో నీరెంత ఉందో అది చెబుతూ ఉంటే, చాలినంత అయ్యేదాకా ప్లాంటు తనంతట తానే నీళ్లు వదులుతుంది. నీళ్లు ఎక్కువైతే గట్టిపడ్డాక కాంక్రీటుకు బలముండదు. పామిడి దగ్గర ఒక వాగు మీద కడుతున్న వంతెనకు అదే జరిగింది. పోసిన రెండు స్తంభాలు బలం పరీక్షలో నిలవలేదు. వాటిని పగలగొట్టి మళ్లీ పోయాలట.

తెల్లవారేవేళకు గుత్తిలో దిగి, స్టేషన్ బయట టీ తాగి, అనంతపురం పోయే పల్లెవెలుగు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్ బస్సులు కొన్ని పామిడి బైపాస్ మీదే దింపేసి పోతాయి. సామాను ఉన్నవాళ్లు అడిగి ఎక్కడం మంచిది. నా పక్కన కూర్చున్నామె పామిడిలో నైటీలు టోకున కొని చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముతుందట. నా పెట్టె చూసి, "ఏముందమ్మా దీంట్లో, ఇంత బరువుండాది?" అంది.

"తూకం మిషనక్కా. కాంక్రీటులో నీళ్లెంత ఉన్నాయో కొలవడానికి."

"నీళ్లు కొల్సేకి ఈడికొచ్చినావా! ఉంటే కదమ్మా కొల్సేది!" అని గట్టిగా నవ్వింది. ముందు సీటు వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ప్లాంటు హైవే పక్కనే ఉంది. ఎనిమిదింటికే రేకుల గది నిప్పుల కుంపటిలా ఉంది. మేనేజరు కుర్చీ వేయించి, "మీటరు బాగుందని ఒక కాగితం రాసిస్తే చాలు మేడమ్. తప్పు చేసినోన్ని అప్పుడే తీసేసినాం" అన్నాడు.

"ఎవర్ని?"

"ఆపరేటర్ని. సుంకన్న అని. మీటరేమో నీళ్లు సరిగ్గానే ఉండాయని చూపిస్తాంది. స్తంభాలేమో నీళ్లెక్కువై పాడైనాయి. అంటే మధ్యలో ఆ సుంకన్నే పైపు పెట్టి పోసినాడు కదా? మిషను అబద్ధం చెప్పదు. మనిషే చెప్తాడు."

నేను బయటికి నడిచాను. ఇసుక కుప్ప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. బూడిదరంగు ఇసుక, గుప్పిట్లోకి తీసుకుంటే పదును పదునుగా గుచ్చుకుంటోంది. ఏటి ఇసుక కాదు, రాతిని పిండి చేసింది. మా ఆఫీసు ఈ మీటరును పెన్న ఇసుకకు సరిచేసి పెట్టింది. ఇసుక మారితే మీటరును మళ్లీ మొదటినుంచి సరిచేయాలి. మా పనిలో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా నేర్పే సంగతి ఇది.

"ఈ ఇసుక ఎప్పటి నుంచి వాడుతున్నారు?" అని అక్కడ లోడరు నడుపుతున్నతన్ని అడిగాను.

"ఉగాది ముందర నుంచి మేడమ్. పెన్న ఇసుక దొరకలా. తాడిపత్రి తట్టు నుంచి ఇది తెప్పిస్తాండారు."

స్తంభాలు పోసింది ఉగాది తర్వాత.

ఇక పని మొదలుపెట్టాను. డ్రమ్ములో కొంచెం కాంక్రీటు కలిపించి, మీటరు చూపే అంకె రాసుకుని, లోపలి నుంచి పిడికెడు తీసి తూచాలి. దాన్ని మంట మీద పూర్తిగా ఎండబెట్టి మళ్లీ తూచాలి. తగ్గిన బరువే నీరు. తర్వాత మరికొంచెం తడిపి మళ్లీ అంతా చేయాలి. ప్లాంటులో పొయ్యి లేదు. రోడ్డుకు అవతల రమీజాబీ అనే పెద్దామె హోటలుంది. అక్కడ ఉగ్గాని, బజ్జీ తిని, ఖాళీగా ఉన్న పొయ్యి అడిగాను. నా వెంట తెచ్చుకున్న బాణలిలో పచ్చి కాంక్రీటు చూసి ఆమె కళ్లు పెద్దవి చేసింది.

"యా ఖుదా! నా పొయ్యి మీద సిమెంటు వండుతావా?"

"సుంకన్న నీళ్లు పోశాడో లేదో తేల్చాలి పెద్దమ్మా."

ఆమె మంట పెంచింది. "దినామూ ఈడ్నే టీ తాగేటోడు. నేను పోయలేదని బిడ్డల మీద ఒట్టు పెట్టినాడమ్మా. ఒక్కడూ నమ్మలా."

మధ్యాహ్నం దాకా రోడ్డుకు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ప్రతిసారీ ఒకటే ఫలితం. కాంక్రీటులో ఉన్న నీటికంటే మీటరు బాగా తక్కువ చూపిస్తోంది. ఇంకా చాలలేదనుకుని ప్లాంటు నీళ్లు వదులుతూనే పోతోంది. నీళ్లు పోసింది మా మీటరే.

బాణలి తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టాను. "ఇసుక మార్చినప్పుడు మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పలేదని ఎవరన్నారు? ఆ దినమే మీ ఆఫీసుకు ఫోన్ చేసినా. మనిషిని పంపేకి కుదరదు, పాత అంకెలే ఉంచండి, ఏం కాదు అన్నారు."

నా మొహం మీద కొట్టినట్టయింది. "మరి ఇదంతా తెలిసీ సుంకన్నను ఎలా తీసేశారు?" అన్నాను.

"ఎవరో ఒకరి మీద పడాల కదా మేడమ్" అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు.

మీటరుకు కొత్త అంకెలు పెట్టి, మరోసారి కలిపించి చూసుకుని బయటపడ్డాను. సుంకన్న తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే చోట కూలికి పోతున్నాడని రమీజాబీ చెప్పింది. తాడిపత్రి బస్సెక్కాను. దోవ పొడుగునా బండల లారీలే. కిటికీ మూసినా దుమ్ము ఆగలేదు.

సుంకన్నకు ముప్పై ఐదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా తెల్లటి రాతి బురదతో బయటికొచ్చి, నేను చెప్పిందంతా నిలబడే విన్నాడు. సంతోషిస్తాడనుకున్నాను.

"ఇప్పుడొచ్చి చెప్తే ఏమొస్తాదమ్మా? యా ప్లాంటుకు పోయినా నువ్వేనా నీళ్లు పోసినోడివి అంటాండారు. మా నాయన కూడా నమ్మలా. మిషనుకు నీమీద పగా ఏమిరా అన్నాడు." జేబులోంచి ఫోను తీశాడు. "నాకు చెప్పింది ఆయనకు చెప్పు."

ఫోనులో పెద్దాయన గొంతు వినబడింది. తప్పు మీటరుదని, దాన్ని పెట్టిన మాదని, సుంకన్నది కాదని చెప్పాను.

"ఆ మిషన్ను పీకేసినారా అమ్మా?"

"లేదు పెద్దయ్యా. సరిచేశాను."

"దాన్ని సరిచేసేకి అంత దూరం నుంచి రైలెక్కి వచ్చినావు. నా కొడుకును ఏమైందిరా అని అడిగేకి ఒక్కరూ రాలా. నేను కూడా అడగలేదు. వాన్ని ఇంటికి రమ్మని చెప్పమ్మా."

చెప్పాను. సుంకన్న ఫోను తీసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. చేతివెనకతో మొహం తుడుచుకుంటే రాతి బురద చెంప మీదికంతా అంటుకుంది. మళ్లీ ఆ ప్లాంటులో చేరతావా అని అడిగాను. "తప్పు నాది కాదని అందరి ముందరా చెప్పనీ. ఆ తర్వాత చూస్తా" అన్నాడు.

తాడిపత్రి నుంచి సాయంత్రం కాచిగూడకు నేరుగా రైలుంది. ముందుగా రిజర్వేషన్ చేయించుకోకపోతే జనరల్లో తలుపు దగ్గరే గతి. నాకూ అదే గతి పట్టింది. పెట్టె మీద కూర్చుని ఫోనులోనే రిపోర్టు రాశాను. ఇసుక మారిన సంగతి, మా ఆఫీసు ఫోనులో ఇచ్చిన సలహా, సుంకన్న తప్పేమీ లేదన్న మాట, అన్నీ రాసి బాసుకూ, మేనేజరుకూ, వంతెన కట్టిస్తున్న ఇంజనీరుకూ ఒకేసారి పంపించాను. గుత్తి రాకముందే బాసు ఫోను.

"నీకు మతి పోయిందా? ఆ స్తంభాల ఖర్చు మన నెత్తిన పడుతుంది. అయినా ఆ సుంకన్న మన మనిషి కాదు కదా!"

"మీటరు మనదే కదా సార్" అని పెట్టేశాను.

ఇంజనీరు దగ్గర్నుంచి మాత్రం జవాబొచ్చింది. పొద్దున్నే ప్లాంటుకు వెళ్తానని, సుంకన్ననూ పిలిపిస్తానని రాశాడు. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. అటువైపు ఈ పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: బాణలి వెంట తీసుకెళ్లండి, పొయ్యికి రమీజాబీ కాదనదు. ముందు ఇసుక చూడండి. మిషను అబద్ధం చెప్పదని ఎవరైనా అంటే, ఆ మాటతో ఏ మనిషిని బయటికి గెంటారో వెంటనే అడగండి. నేను వెళ్లేటప్పటికి సుంకన్నకు ఆ అడిగే మనిషి కోసం ఎదురుచూసే ఓపిక కూడా అయిపోయింది.