సాక్షులొస్తే ఆగిపోయే ఈల

ఇల్లు ముందు కట్టింది నేను. మిల్లు తర్వాత వచ్చింది. ఈ వరుస ఊళ్ళో అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. డెబ్బైల మొదట్లో ఊరి చివర రెండు గదుల ఇల్లు వేసుకున్నాను. చుట్టూ మిరప చేలు. సాగర్ కాలువ నీళ్ళు వచ్చాక మిరప, జొన్న వేసేవాళ్ళు కూడా వరికి దిగారు. వరి పెరిగాక మా ప్రహరీని ఆనుకుని రైసు మిల్లు లేచింది. ఊకని బయటికి ఊదడానికి అందులో ఒక పెద్ద ఫ్యాను, దానికి లావుపాటి గొట్టం పెట్టారు. మూడు వైపులా ఖాళీ జాగా ఉండగా గొట్టం మూతిని నాలుగో వైపుకి, అంటే నా ముందు గది కిటికీ వైపుకి తిప్పారు. మిల్లు యజమానిని అడిగితే, "గాలి ఎటుపోతే ఊక అటుపోద్ది మాస్టారూ, మీరు సైన్సు చెప్తారు, మీకు నేను చెప్పాలా" అన్నాడు.

అన్నంలో ఊక, పక్కల మీద ఊక, నేను దిద్దే పరీక్ష పేపర్ల మీద ఊక. ఒక ఏడాది భరించాను. తర్వాత కిటికీ రెక్కలకున్న చెక్కలు తీసేసి, వాటి చోట నూనె డబ్బాల రేకు కొట్టించాను. గాలి ఆడకపోతే గది పొయ్యిలా కాలుతుందని రేకు నిండా మేకుతో వరసగా చిల్లులు పొడిచాను. ఆ పని నేనే కూర్చుని రెండు ఆదివారాలు చేశాను. ఊక చాలావరకు ఆగింది. ఆ రెక్కలు మళ్ళీ తెరవాల్సిన అవసరం చాలాకాలం నాకు రాలేదు.

ఈల ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను. పొద్దున్నే ఆ గదిలో కూర్చుని పేపర్లు దిద్దుతుంటే మిల్లు మోత వెనకాల సన్నగా, తెగకుండా, పంటి మీద గోరు గీసినట్టు ఒక శబ్దం. మిల్లు తిరిగితే వస్తుంది, ఆగితే పోతుంది. మోతకి అలవాటు పడ్డాను గాని దీనికి అలవాటు పడలేకపోయాను. మిల్లుకి వెళ్ళి చెప్పాను. యజమాని లోపలికి పిలవలేదు. బస్తాల మధ్య నిలబెట్టి విన్నాడు. "ఈలా? మా మిల్లులో ఈల వేసేవాళ్ళెవరూ లేరండి, అందరూ పెళ్ళయినవాళ్ళే" అన్నాడు. హమాలీలు నవ్వారు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక పెళ్ళి భోజనాల్లో ఆయన నాకు ఎదురు వరసలో కూర్చున్నాడు. నన్ను చూసి పక్కవాళ్ళతో, "మాస్టారి చెవిలో చిన్న నట్టు ఒకటి లూజయిందండి, మా మిల్లుకొస్తే బిగించి పంపుతాం" అన్నాడు. ఆ రోజు ఏమేం వడ్డించారో గుర్తు లేదు. ఎవరెవరు నవ్వారో, ఏ వరసలో కూర్చుని నవ్వారో మాత్రం ఇప్పటికీ చెప్పగలను.

అర్జీలు పెట్టడం మొదలుపెట్టాను. ముందు ఊళ్ళో, ఆ తర్వాత నందిగామలో. నందిగామ బస్సు ఎక్కి ఒక ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. అక్కడి గుమాస్తా నా కాగితం చూసి, "శబ్దం గురించి అర్జీ అయితే ఈసారి ఆ శబ్దాన్ని కూడా వెంటబెట్టుకు రండి మాస్టారూ, ఫైల్లో పెడతాం" అన్నాడు. అర్జీల్లో ఈలతో పాటు ఊక కూడా రాశాను. చదివినవాళ్ళకి ఈల ఒక్కటే కనపడింది, నవ్వడానికి అదే బాగుంది కాబట్టి.

సాక్షుల్ని తెచ్చుకుందామనుకున్నాను. మా బళ్ళో తెలుగు మాస్టార్ని ఒక పొద్దున ఇంటికి పిలిచాను. మిల్లు తిరుగుతోంది. ఆయనకి బాగా వినపడాలని కిటికీ రెక్కలు రెండూ బార్లా తీశాను. ఊక కొట్టింది. మోత లోపలికొచ్చింది. ఈల మాత్రం ఆగిపోయింది. ఆయన మర్యాదకి కాసేపు చెవి ఒగ్గి, ఒంటి మీది ఊక దులుపుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు అర్థమైపోయిందనుకున్నాను. మిల్లువాడు కాపలా పెట్టాడు. నా ఇంటికి మనిషి రాగానే లోపల ఏదో బెల్టు జారుస్తున్నారు. మరో మాస్టారు వచ్చినప్పుడూ అంతే, కిటికీ తీశాను, ఈల ఆగింది. నా అనుమానం గట్టిపడింది. మా ఆవిణ్ణి కూడా అడిగాను. "మిల్లులో ఈల వినపడుతోందా?" అంటే, "మిల్లులో మోతేగాని ఈల ఎక్కడిదండీ" అని పొయ్యి దగ్గరికి పోయింది.

చివరికి నందిగామ నుంచి ఒక ఉద్యోగి విచారణకి వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. నాకే తెలియదు, ఇక మిల్లువాడికి తెలిసే అవకాశమే లేదు. ఆయన గుమ్మం ఎక్కేసరికి ఈల వస్తూనే ఉంది. నా అదృష్టం అనుకున్నాను. మోత గొడవలో ఆయనకి అర్థం కాలేదేమోనని, "దగ్గరికి రండి" అంటూ కిటికీ తెరిచాను. ఆగిపోయింది. ఆయన ఊచల దగ్గర నిలబడి విని, "మిల్లు మోత మామూలుగానే ఉందండి, మీ చెవులు ఒకసారి చూపించుకోండి" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. అందుకే భయం వేసింది.

మా నాన్నకి నందిగామలో చిన్న కొట్టు ఉండేది. నలభై దాటాక ఆయనకి చెవిలో ఈల మొదలైంది. నాలుగైదేళ్ళలో పూర్తిగా చెవుడు. కొట్టు గల్లా పక్కన పలక పెట్టాం. వచ్చినవాళ్ళు కావలసింది దాని మీద రాసేవాళ్ళు. రాయడం రానివాళ్ళు వేరే కొట్టుకి పోయారు. ఊళ్ళో సగం మందికి అప్పట్లో రాయడం రాదు. ఈ విచారణ నాటికి నాకు నలభై రెండు. మిల్లువాడు ఏమీ చెయ్యకపోతే, ఎవరొచ్చినా ఆగేదీ ఎవరికీ వినపడనిదీ అయితే, ఆ ఈల నాలోనే ఉన్నట్టు. పలక పట్టుకుని పిల్లలకి పాఠం చెప్పడం ఎలాగో ఊహించుకోలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. విజయవాడ వెళ్ళి చెవుల డాక్టర్ని చూడ్డానికి సెలవు చీటీ రాసి జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. ఇస్తే నిజమైపోతుందేమోనని ఇవ్వలేదు.

ఆ రోజుల్లోనే మా బావమరిది వచ్చాడు. బెంగళూరులో విమానాల బొమ్మల్ని పరీక్షించే గాలి సొరంగంలో టెక్నీషియను. నందిగామలో పెళ్ళిచూపులకని సెలవు మీద వచ్చాడు. అతనంటే నాకు మొదటినుంచీ పడదు. ఒకసారి నా ముందే, బళ్ళో చెప్పే సైన్సు సుద్దముక్కతో పాటు అరిగిపోతుందన్నాడు. అయినా పెద్దవాణ్ణి కాబట్టి పెళ్ళిచూపులకి వెంట వెళ్ళాను. తిరిగి ఇద్దరం పేట బస్సెక్కాం.

బస్సు మోత చెప్పక్కర్లేదు. కాసేపటికి అతను చెయ్యి చాచి మా పక్కనున్న కిటికీ రేకు అరచేత్తో అదిమాడు. గడగడ ఒకటి తగ్గింది. కాలితో ముందు సీటు ఊచ నొక్కాడు. ఇంకొకటి తగ్గింది.

"ఏంటా పని?" అన్నాను.

"అలవాటండి బావగారూ. మాకు రోజూ ఇదే పని."

"మీది విమానాల పని కదా."

"బొమ్మ విమానం కదలదండి. దాన్ని నిలబెట్టి దాని మీదికి గాలి తోలతాం. శబ్దం కంటే వేగంగా తోలతాం. ట్యాంకుల్లో గాలి కుక్కి వాల్వు తెరిస్తే అర నిమిషంలో అయిపోద్ది. ఆ అర నిమిషం చెవులు మూసుకోవాలి. అసలు తంటా ఏంటంటే, బొమ్మ మీద గాలి ఎంత అదురుతుందో కొలవాలి మేం. కాని సొరంగమే గోల చేస్తది. వాల్వు ఒక పక్క అరుస్తది. గోడల వెంట గాలి రాసుకుని ఒకటి. బొమ్మని పట్టుకునే కడ్డీ ఊగి ఒకటి. అన్నీ కలిసి బొమ్మ దగ్గరికే వస్తాయి. బొమ్మ పాపం ఏమీ అనకపోయినా అన్నీ దాని మీదే రాసేస్తాం."

చెయ్యని తప్పు మీద పడటం గురించి నాకు వేరే చెప్పాలా? వినాలనిపించింది.

"మరి ఏది ఎక్కడిదో ఎలా తేలుస్తారు?"

"ముందు బొమ్మ లేకుండా ఖాళీగా నడిపి వింటాం. తర్వాత ఒక్కోటి ముట్టుకుంటాం. ఏది పట్టుకుంటే ఏది ఆగిందో చూస్తాం. ఒకసారికి ఒక్కటే. రెండు కలిపి కదిపామంటే మా ఇంజనీరు తిట్టే తిట్లు ఆ వాల్వు కంటే గట్టిగా ఉంటాయి."

నాకు తెలియకుండానే అతనికి ఈల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. మిల్లు, అర్జీలు, పెళ్ళిలో నట్టు మాట, అన్నీ చెప్పాను. నాన్న సంగతి మాత్రం చెప్పలేదు. అతను నవ్వలేదు. అది అతని ఖాతాలో జమ వేశాను.

మర్నాడు పొద్దున మిల్లు మొదలైంది. ఇద్దరం ముందు గదిలో కుర్చీల్లో కూర్చున్నాం. ఈల వచ్చింది. నేను మామూలుగా లేచి కిటికీ మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఎక్కడికండీ?"

"కిటికీ తీస్తాను, బాగా వినపడుతుంది."

"కూర్చోండి బావగారూ. ఏదీ ముట్టుకోవద్దు. ముందు ఉన్నది ఉన్నట్టు విందాం."

కూర్చున్నాను. అతను కళ్ళు మూసుకున్నాడు. మిల్లు మోతలో నేను అతని మొహమే చూస్తూ కూర్చున్నాను. తర్వాత అతను కళ్ళు తెరవకుండానే చూపుడువేలు పైకెత్తి అన్నాడు. "సన్నగా, పైస్థాయిలో. తెగకుండా వస్తుంది. అదేనా?"

"నీకు వినపడుతోందా?" అన్నాను.

"వినపడకపోవడమేంటండీ, చెవులు కోసేస్తుంటే."

నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను. అతను నన్ను పట్టించుకోలేదు, లేచి పనిలో పడ్డాడు. దండెం మీది తువ్వాలు తీసి నీళ్ళలో ముంచి పిండి, కిటికీ రేకు మీద పరిచి రెండు చేతులతో అదిమాడు. ఈల ఆగింది. తీశాడు. వచ్చింది. ఒక రెక్క మూసే ఉంచి ఇంకోటి తెరిచాడు. ఆగింది.

"ఈ చిల్లులు ఎవరు పొడిచారండీ?"

"నేనే."

"మా సొరంగం గోడలకీ ఇలాంటివే ఉంటాయి, గాలి దెబ్బ గోడకి తగిలి వెనక్కి బొమ్మ మీదికి రాకుండా. ఆ చిల్లులే ఈల వేస్తాయి. సన్నటి వల అతికిస్తే నోరు మూస్తాయి. మీరు మేకు లోపలినుంచి పొడిచి ఉంటారు, అంచులు బయటికి లేచి ఉన్నాయి. గొట్టం గాలి వాటికి తగిలి పాడుతోంది. కిటికీ తీస్తే గాలి దారి మారిపోద్ది, ఇంకేం పాడుద్ది?"

అంటే నేను పిలిచిన ప్రతి సాక్షి ముందూ నా చేత్తో నేనే దాన్ని ఆపేశాను. మిల్లువాడు ఏ బెల్టూ జార్చలేదు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాస్తున్నాను. గొట్టం నా వైపు తిప్పకపోతే ఊక లేదు, ఊక లేకపోతే రేకు లేదు, రేకు లేకపోతే ఈల లేదు. కాబట్టి తప్పు మొదట్నించీ ఆయనదే. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

మా ఆవిడ కాఫీ గ్లాసులతో వచ్చింది. కిటికీకి తడి తువ్వాలు చూసి ఆగింది. తమ్ముడు తువ్వాలు తీసి, "అక్కా, ఇది వినపడుతోందా?" అన్నాడు.

"ఇదా? రోజూ గది ఊడ్చేటప్పుడు వింటూనే ఉన్నాగా. మన కిటికీ రేకు."

"మరి నేనడిగితే లేదన్నావే?" అన్నాను.

"మీరు మిల్లులో ఈల అనడిగారు. మిల్లులో లేదుగా."

బావమరిది నవ్వాపుకోలేక కాఫీ ఒలకబోసుకున్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. అప్పుడే, అతని ముందే, నాన్న సంగతి, జేబులో సెలవు చీటీ సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ నవ్వు పోయింది. గ్లాసులు కింద పెట్టి, "అంత భయం లోపల పెట్టుకుని పైకి అర్జీలు రాస్తారా ఎవరన్నా?" అంది. జేబులోంచి చీటీ తనే తీసి పొయ్యి దగ్గరికి పట్టుకుపోయింది.

అతను రెక్కలకి దోమతెర గుడ్డ అతికిస్తానన్నాడు. మధ్యాహ్నం అతికిద్దువులే అన్నాను. వాళ్ళు పక్కకి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసుకుని ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు ఆ ఈల విన్నాను. తువ్వాలు కప్పాను, ఆగింది. తీశాను, వచ్చింది. నేను ఆపితే ఆగుతోంది. అంత హాయిగా నేను ఏ పాటా వినలేదు.

ఈల మీద అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఊక మీది అర్జీ కొత్తగా, విడిగా రాసి పెట్టాను. గుమాస్తా చూసి, "ఈసారి ఊక వెంటబెట్టుకొచ్చారా మాస్టారూ?" అన్నాడు. జేబులోంచి పొట్లం తీసి అతని బల్ల మీద విప్పాను. గొట్టం మూతి తిరగడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది గాని తిరిగింది.

బావమరిది వెళ్ళాక వచ్చిన మొదటి సోమవారం బళ్ళో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. బోర్డు వైపు తిరిగి బొమ్మ గీస్తుంటే, ఆడపిల్లల వరసలో చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి పక్కమ్మాయి చెవిలో, "అర్జీల మాస్టారికి ఇవాళ హుషారుగా ఉందే" అంది. గదిలో యాభై మంది కదులుతున్నారు, బయట రోడ్డు మీద లారీ పోతోంది. ఆ గుసగుస ఒక్క ముక్క పోకుండా నాకు వినపడింది. నాకు అలాంటి పేరుందని అప్పుడే తెలిసింది. ఇంకో రోజైతే గంట కొట్టేదాకా నిలబెట్టేవాణ్ణి. ఆ రోజు వెనక్కి తిరక్కుండా బొమ్మ పూర్తి చేశాను. ఆ అమ్మాయి ఎవరో నాకు గొంతుతోనే తెలిసింది. ఇప్పటికీ గుర్తుంది.