యమీన్ అంటే కుడి

ఒక మాట ఏళ్ల తరబడి గొంతులో మోస్తున్నాను. పేరు చెప్పను. నన్ను మీరెరుగరు, అందుకే చెప్పగలుగుతున్నాను.

సౌదీలో హాయిల్ ఊరు దాటాక రోడ్డు రెండుగా చీలే చోట ఒక రాతి ఫలకం ఉంది. ఆ దారిన పోతే పాత కోట వస్తుందని, ఒకప్పుడు అది సరిహద్దుకు కాపలా అని చెక్కి ఉంటుంది. కంపెనీ పనిలో దాన్ని పాతింది రాజన్నా, నేనూ. రాజన్న మా జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్ద. అరబ్బీ నాకే వచ్చని నాకో గొప్ప. ఏ దారి పక్కన పాతాలని అడిగితే ఫోన్‌లో మేనేజరు "యమీన్" అన్నాడు. నేను ఎడమ అని చెప్పాను. రాజన్న నా మాట నమ్మి ఎడమ దారి పక్కన గుంట తవ్వాడు.

ఫలకం చూడవచ్చిన పెద్దమనుషుల కారు ఆ దారినే పోయి ఇసుకలో కూరుకుపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు. సొంత దేశస్థులకే ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడి, ఎవరి ఇకామా, అదే ఉండే పర్మిట్టు, ఆగుతుందో, ఎవరు ఎగ్జిట్ ముద్ర మీద మళ్లీ రాకుండా ఇంటికి పోతారో అని అందరం బిక్కుబిక్కుమంటున్న రోజులవి. ఎవరు పెట్టారని మేనేజరు అరిచాడు. "నేను యమీన్ అనే చెప్పాను, వినకుండా ఇతనే అటు పెట్టాడు" అన్నాను. రాజన్న పక్కనే ఉన్నాడు. అరబ్బీలో అన్నాను, ఆయనకు తెలియదనుకుని.

భయమా? భయమే. భయపడ్డవాళ్లంతా పక్కవాడి మీద వేలు చూపిస్తారా?

ఎగ్జిట్ రాజన్నకే పడింది. అట్టపెట్టెకు తాడు కడుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"తమ్మీ, యమీన్ అంటే కుడి. ఇగనన్న యాదుంచుకో."

"అన్నా, నీకు అరబ్బీ..."

"గిన్నేండ్లు ఈడ ఉంటిని. మాట్లాడ రాదు గని సమజైతది. నీ పిల్లలు శిన్నోళ్లు, నువ్వుండు. గా కొస వట్టు."

పట్టుకున్నాను. ఆయన ముడి వేశాడు.

తర్వాత పరాయి దేశపు పనివాళ్ల మీద లెవీలు, నెలనెలా పన్నులు, వచ్చాయి, అవీ గట్టెక్కాను. పిల్లలు చదువుకున్నారు. మా ఇంట్లో ఉడికే ప్రతి మెతుకూ రాజన్న చలవే. ఆయనంటే నాకు కొండంత కృతజ్ఞత. కానీ మేనేజరుకు ఒక్క మాట చెప్పి ఆయన్ని ఆపగలిగేవాణ్ణి కదా? ఆపలేదు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు పిల్లల్నే అడుగుతాడు. క్షమించమనడానికి నాకు నోరు రాదు.

ఫలకాన్ని కుడివైపుకు మార్చింది కూడా నేనే. అటుగా పోయినప్పుడల్లా బండి ఆపి కాసేపు నిలబడతాను.

అబద్ధం అరబ్బీలో ఆడాను. నిజం మన తెలుగులో చెప్తున్నాను: ఎడమ అన్నది నేనే.