శాశ్వత చిరునామా అనే గడి

ఇరవై మూడేళ్ళ వయసులో తనకు తెలియనివి కూడా ఉంటాయన్న సంగతి ఒక్కటి తప్ప, మనిషికి తక్కినవన్నీ తెలిసినట్టే ఉంటుంది. తొంభైల నడిమి మాట ఇది. నేను అప్పుడే ఢిల్లీలో ప్రభుత్వాఫీసులో క్లర్కుగా చేరి, మునిర్కాలో మేడ మీది గదిలో మరో ఇద్దరితో కలిసి ఉంటూ, మాడిన ఉప్మా తింటూ దేశాన్ని నడుపుతున్నాననుకునేవాణ్ణి. నాకు వచ్చిన విద్య ఒక్కటే, ఫారాలు తయారుచెయ్యడం. స్కేలు పెట్టి గళ్ళు గీసి, పైన శీర్షికలు టైపు కొట్టి ఇచ్చానంటే కాగితానికి కళ వచ్చేది. మా సూపరింటెండెంటు ఒకసారి "నీ చెయ్యి పడితే దరఖాస్తుకు సగం పని అయిపోయినట్టే" అన్నాడు. ఆ మాట తలకెక్కింది. దిగడానికి చాలా కాలం పట్టింది.

సరోజినీ నగర్ క్వార్టర్లలో మాకొక ఆంటీ ఉండేది. సామర్లకోట వైపు ఆవిడ. ఆదివారం పూట మునిర్కా బ్రహ్మచారులందరికీ ఆవిడింట్లోనే భోజనం కాబట్టి మేం ఆవిడకు ఆదివారం ఆంటీ అని పేరు పెట్టుకున్నాం. అంకుల్ కూడా నాలాగే క్లర్కుగా చేరి, పద్దెనిమిదేళ్ళుగా అదే క్వార్టర్లో ఉంటున్న మనిషి. మేం మొహమాటపడితే "తినవయ్యా, నీ మొహమాటానికి మా పప్పు తరిగిపోదు" అంటూ గరిటెతో వేసేవాడు. ఒక శీతాకాలం సాయంత్రం ఆఫీసు నుంచి స్కూటరు మీద వస్తుంటే రింగ్ రోడ్డు మీద బస్సు గుద్దేసింది. ఎవరో ఆటోవాలా ఎక్కించుకుని ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళాడు. పోలీస్ కేసు, మేం ముట్టుకోం, సర్కారీ ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నారు వాళ్ళు. రెండో చోటా అదే మాట. మూడో చోటికి చేరేసరికి చూడ్డానికేమీ మిగల్లేదు. ఆ ఆటోవాలా పదో రోజున ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఇదంతా ఆంటీకి చెప్పి ఏడ్చి వెళ్ళాడు.

తరువాత కొన్నాళ్ళకు ఆంటీ పేపర్లోంచి నాలుగు లైన్ల వార్త కత్తిరించి నా చేతిలో పెట్టింది. ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్ళను పోలీసు కాగితాలు లేవని ఏ నర్సింగ్ హోమూ తిప్పి పంపకూడదని, ఢిల్లీ అసెంబ్లీలో ఎవరో సభ్యుడు బిల్లు పెట్టాడట.

"మన ఎమ్మెల్యే గారు కూడా దీనికి సరేనంటే బాగుంటది కదా బాబూ," అంది. "ఇక్కడోళ్ళందరి సంతకాలూ పట్టుకెళ్ళి అడుగుదాం. మీ అంకుల్ ఎలాగూ రారు. ఇంకొకరి అంకులైనా ఇంటికొస్తాడు."

ఆవిడకు వ్యవధి లేదు. క్వార్టరు అంకుల్ పేరు మీదది. ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది, గడువు ఇంకో మూణ్ణెల్లు. ఆ లోపలే అసెంబ్లీ సమావేశాలు. ఇదంతా విని నేను ఛాతీ విరుచుకుని "ఫారం సంగతి నాకొదిలెయ్యండి ఆంటీ" అన్నాను.

వదిలేసింది, పాపం.

నా ఫారం చూడముచ్చటగా ఉంది. క్రమసంఖ్య, పేరు, తండ్రి లేదా భర్త పేరు, హోదా, శాశ్వత చిరునామా, సంతకం. ప్రస్తుత చిరునామాకు గడి పెట్టలేదు. పెట్టాలని తోచలేదు కూడా. క్వార్టర్లు మారుతుంటాయి, శాశ్వతమే అసలు చిరునామా అని మా సూపరింటెండెంటు నేర్పిన వేదం. (ఆయన మాత్రం ఇరవయ్యేళ్ళుగా ఒకే క్వార్టర్లో ఉండేవాడు. అది వేరే సంగతి.) ఇంటింటికీ తిరిగి మన తెలుగువాళ్ళ సంతకాలు సేకరించాను. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి మొహం వెలిగిపోయేది. సొంతూరికి సెలవు ప్రయాణం రాయితీ కోసం రెండేళ్ళకోసారి రాసి రాసి అలవాటైన చిరునామా మరి. ముప్పయ్యేళ్ళ కిందట ఊరు వదిలిన పెద్దాయన కూడా "తణుకు, పోస్టాఫీసు ఎదుటి సందు, కరణం గారి ఇంటి వెనక వాటా" అని ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. గడి చాలక ఒకాయన మార్జిన్లో బాణం గీసి పిన్ కోడు వేశాడు. నా గర్వానికి పట్టపగ్గాల్లేవు.

ఎమ్మెల్యే గారు పొద్దున్నే వరండాలో జనాన్ని కలిసేవాడు. ఆంటీకీ నాకూ చాయ్ ఇప్పించి, కాగితాలు తీసుకుని, మొదటి పేజీ చూసి, రెండోది చూసి, పక్కనున్న సెక్రటరీకి ఇచ్చాడు. సెక్రటరీ ఓటర్ల జాబితా తెప్పించి ఎర్ర పెన్సిలు తీశాడు.

"భాయీ సాబ్, యే గుంటూర్ కహా పడ్‌తా హై?" అన్నాడు ఎమ్మెల్యే. గుంటూరు ఎక్కడుందో చెప్పాను. "మరి విజయనగరం? ఇదంతా మీ హైదరాబాద్ అసెంబ్లీకి పంపాల్సింది కదా బేటా. వీళ్ళలో నా ఇలాకా వాళ్ళెవరు?" అని హిందీలో మెల్లగా అడిగాడు. కోప్పడి ఉంటే బాగుండేది. పోనీ పేర్లతోనైనా వెతకమన్నాడు. వెతికితే ఒక్కరి పేరూ తగల్లేదు, మావాళ్ళ ఓట్లు కూడా ఊళ్ళోనే ఉన్నాయి మరి. సెక్రటరీ పెన్సిలు పేజీల వెంట దిగుతూ దిగుతూ ఆఖరి పేజీలో ఒకచోట ఆగింది. "ఏక్ హై," అన్నాడు.

అది ఆంటీది. శాశ్వత చిరునామా గడిలో ఆవిడ ఒక్కతే సరోజినీ నగర్ క్వార్టరు నంబరు రాసింది. మూణ్ణెల్లలో ఖాళీ చెయ్యాల్సిన ఇల్లు అది.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను, అందరూ ఊరు రాస్తే మీరెందుకు అలా రాశారని.

"పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లోనే వండాను. ఇంకేం రాయమంటావు?" అంది. తరువాత నా మొహం చూసి, "పోనీలే, గళ్ళు మాత్రం బాగా గీశావు" అంది. దానికి నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు కూడా రాదు.

రెండోసారి కొత్త ఫారం పట్టుకుని, ఓటు ఇక్కడే ఉన్న పంజాబీ, గఢ్వాలీ ఇళ్ళకు బయల్దేరాం. నా హిందీ విని మొదటింటావిడ నేను చీపుర్లు అమ్మడానికి వచ్చాననుకుని, నిన్ననే కొన్నామని తలుపు వేసుకుంది. దాంతో మాట్లాడే పని ఆంటీ మీద పడింది. నా తప్పు ఎంత పెద్దదో నాకప్పుడు తెలిసొచ్చింది. మావాళ్ళకు ఆ కథ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. వీళ్ళకు తెలియదు. ప్రతి గుమ్మంలోనూ ఆవిడ మొదట్నించీ చెప్పాలి, స్కూటరు, బస్సు, ఒక నర్సింగ్ హోమ్, ఇంకొకటి. మొదటి నాలుగిళ్ళలో ఏడ్చింది. వాళ్ళు మంచినీళ్ళిచ్చి, "దీదీ, బైఠియే" అని కూచోబెట్టారు. ఆ వారం చివరికి ఏడుపు లేకుండా మూడు వాక్యాల్లో చెప్పడం నేర్చుకుంది. నేను అట్ట పట్టుకుని పక్కన నిలబడి, ఆవిడ ఆ మూడు వాక్యాలూ అప్పజెప్పడం వినేవాణ్ణి. ఏడ్చినప్పటి కంటే అదే ఎక్కువ బాధగా ఉండేది.

ఎమ్మెల్యే ఈసారి కాగితాలు తీసుకుని, సభలో మాట్లాడతానని మాటిచ్చాడు. బిల్లు రావలసిన శుక్రవారం నాడు ఆంటీ ఇస్త్రీ చీర కట్టుకుని, తొమ్మిదో క్లాసు చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురం గ్యాలరీలో కూర్చున్నాం. మంచినీళ్ళ మీద గొడవ మొదలైంది, మధ్యాహ్నమైనా తెగలేదు. బిల్లు వంతు రాకుండానే ఆ సమావేశాలు ముగిసిపోయాయి. ఎమ్మెల్యే తన కాగితాలు మడిచి పెట్టుకోవడం పైనించి కనిపించింది.

"వచ్చే సమావేశాల్లో వస్తది కదా?" అంది ఆంటీ.

"వస్తుంది ఆంటీ," అన్నాను. అప్పటికి ఆవిడ ఇక్కడ ఉండదని ఇద్దరికీ తెలుసు.

సామాను కట్టిన రోజున ఆ పిల్ల స్వెట్టర్లు ఒళ్ళో పెట్టుకుని నన్నడిగింది, "భయ్యా, సామర్లకోట మే ఠండ్ హోతీ హై క్యా?" అని. అక్కడ అంత చలి ఉండదని చెప్పాను. వాటిలో అంకుల్‌ది కూడా ఒకటుంది. ఆ పిల్ల దాన్ని కూడా పెట్టెలో సర్దింది.

ఆ బిల్లు ఏమైందో తరువాత ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేకపోయారు. నేను మాత్రం ఊళ్ళో ఓటు తీయించుకుని ఢిల్లీలో రాయించుకున్నాను. కొన్నేళ్ళకు పెళ్ళయి, సరోజినీ నగర్లోనే క్వార్టరు దొరికింది. ఎన్నికల రోజున స్లిప్పులిచ్చే బల్ల దగ్గర నా పేరు వెతుకుతుంటే, పై వరసలో ఆంటీ పేరు కనిపించింది. అదే క్వార్టరు నంబరు. ఎవరూ కొట్టెయ్యలేదు. బల్ల దగ్గరి మనిషి నా చూపు గమనించి, "ఈ మేడమ్ ఎప్పుడూ రాదు. మీకు తెలుసా? తీసెయ్యమని రాయించమంటారా?" అన్నాడు. ఫారం కూడా తీశాడు.

జీవితంలో మొదటిసారి ఒక ఫారం నింపనన్నాను. "ఉండనివ్వండి భయ్యా, పర్మనెంట్ అడ్రస్ అదే," అని చెప్పి, స్లిప్పు తీసుకుని వరసలో నిలబడ్డాను.