రాహేలు హుకుం

వారాసిగూడ నుంచి తార్నాకలోని ఆడపిల్లల హాస్టల్‌కు రోజూ యూనివర్సిటీ క్యాంపస్‌కు అడ్డంపడి నడిచివెళ్లేది రాహేలు. బుచ్చిబాబు అనే ఆసామి నడిపే ఆ ప్రైవేటు హాస్టల్‌లో ఆమె ఆయా. దారిలో బండల మధ్య ఒక కుంట ఉండేది. చలికాలంలో ఎక్కడెక్కడి బాతులో వచ్చి వాలేవి. రాహేలు కాసేపు ఆగి చూసేది. ఆ కాసేపూ ఆమెకు పని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

అరవై ఏడు చలికాలంలో ఒక జీపు రావడం మొదలైంది. ఆదివారం పొద్దున్నే ఇద్దరు పెద్దమనుషులు తుపాకులతో దిగేవారు. బాతుల్ని కాల్చి, చేతికందినవాటిని పట్టుకుపోయేవారు. దెబ్బ తగిలి జమ్ములోకి దూరినవాటిని అలాగే వదిలేసేవారు. సోమవారం అవి రాహేలు కంటబడేవి. ఒకదాన్ని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. పసుపు అద్ది గంప కింద పెట్టింది. తెల్లారేసరికి అది చచ్చిపోయింది.

"సగం చంపి పోవుడేంది?" అని మొగుడు సామేలుతో అంది.

"పెద్దోళ్లతోటి మనకెందుకే?" అన్నాడతను.

ఆ ఆదివారం ఆమె చర్చికి బయలుదేరలేదు. సామేలు అడిగితే, "నేనేడున్ననో దేవునికి తెలుస్తది" అని, సత్తు పళ్లెం, గరిటె పట్టుకుని కుంటకు పోయింది. తుపాకులు పైకి లేచేలోపే నడుం లోతు నీళ్లలోకి దిగి పళ్లెం మోగించింది. బాతులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"పిచ్చిదానివా? బయటికి రా!" అని ఒకడు అరిచాడు.

"రాను. గీడనే ఉంట. మీరే పోండ్రి."

"తూటా తగుల్తే?"

"తగలనీ! నన్ను కొడితే నలుగురొచ్చి అడుగుతరు. పిట్టల గురించి ఎవలడుగుతున్నరు?"

నీళ్లు మంచులా ఉన్నాయి. అయినా గరిటె ఆపలేదు. వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

జీపు ఆసామి బుచ్చిబాబుకు చుట్టం. మర్నాడే బుచ్చిబాబు ఆమెను పిలిపించాడు.

"పోయి తప్పయిందని చెప్పు. నీ నౌకరీ నీకుంటది."

"తప్పు చెయ్యలే సారు. చెయ్యని తప్పుకు మాఫీ అడగ."

నౌకరీ పోయింది. సామేలు రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. రాహేలు మాత్రం పై ఆదివారం మళ్లీ నీళ్లలోకి దిగింది. ఆ హాస్టల్‌లోనే ఉండి చదువుకునే వేదవతి తోటి పిల్లల్ని వెంటేసుకొచ్చింది. అందరి చేతుల్లో మెస్ పళ్లేలు.

"జర జరుగక్కా. మేం గూడ దిగుతం."

జీపువాళ్లు హారన్ కొట్టి కొట్టి తిరిగిపోయారు. ఆ తర్వాత కూడా వచ్చారు. ఎప్పుడొచ్చినా పళ్లేల మోతే. చివరికి రావడం మానుకున్నారు.

బుచ్చిబాబు ఆమెను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. తార్నాకలో ఒకరింట్లో వంటకు కుదిరింది. జీతం తక్కువే. కానీ దారి అదే.

మరుసటేడు చలి మొదలవకముందే డాల్డా డబ్బా రేకును చదును చేసి, దాని మీద వేదవతి చేత రాయించింది: "ఇక్కడ తుపాకీ పేల్చరాదు." కుంట గట్టు మీది చెట్టుకు దాన్ని మేకులతో కొడుతుంటే క్యాంపస్ కాపలాదారు దానియేలు సైకిల్ ఆపాడు.

"ఏ ఆఫీసుల ఇచ్చిండ్రు గీ బోర్డు? ఎవల హుకుం?"

"నాదే."

"నీ హుకుం నడుస్తదా?"

"నిరుడు నడిచింది గదా," అంటూ రాహేలు ఇంకో మేకు కొట్టింది.