గలిలయలో అత్త ఎక్కని పడవ

పరిశుద్ధ దేశం చూడాలన్న కోరిక నాది కాదు, మా మేనత్త మరియమ్మది. నౌపడ ఉప్పుమడులు దాటి ఇంకాస్త ముందుకు వెళితే వచ్చే సముద్రపు ఊరు ఆమెది. పెళ్లయినప్పటి నుంచీ చేపలమ్ముతోంది. ప్రభువు వెంట మొదట నడిచినవాళ్లు వల లాగినవాళ్లేనని ఆమెకు మహా గర్వం. గలిలయ సముద్రం మీద ఒక్కసారి పడవలో కూర్చుంటే చాలు, ఇంకేమీ అడగనని దేవుడితో ఒప్పందం కూడా చేసుకుంది. మా నాన్న కుర్రతనంలోనే నెల్లిమర్ల జూట్ మిల్లు పనికి వచ్చేయడంతో నాకు సముద్రమంటే వేసవి సెలవులే తెలుసు. అందుకే అత్త వెంట బయలుదేరినప్పుడు ఆమె గురించి నాకు తెలియనిది ఒకటుందని అనుకోలేదు.

పాస్టరుగారి బృందంతో వెళ్లాం. విజయనగరం నుంచి విశాఖ, అక్కడి నుంచి హైదరాబాద్, ఆపైన అమ్మాన్‌కు విమానం. తిండీ బసా అన్నీ కలిపి మనిషికి లక్షన్నర దాకా అయింది. అమ్మాన్ నుంచి బస్సులో వెళ్లి ఇజ్రాయెల్ సరిహద్దు దాటాలి. అక్కడ తనిఖీలకు సగం పూట పోతుంది, బిస్కెట్లు దగ్గర పెట్టుకోండి. అత్త తెచ్చిన ఎండు నెత్తళ్ల పొట్లం చూసి అధికారి ముఖం అదోలా పెట్టాడు. ఆవిడేమో ఒకటి వాసన చూడమని ఆయన ముందుకే చాచింది.

మర్నాడు పొద్దున్నే గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియ రేవుకు చేరాం. కొయ్య పడవ, దాని మీద మన జెండా కట్టారు. అందరూ పాటలు పాడుతూ ఎక్కేశారు. అత్త చెప్పులు విప్పి చేత పట్టుకుంది, కొంగు బిగించింది, పడవలోకి వేసిన పలక దాకా వచ్చి ఆగిపోయింది. ఏటయిందని అడిగాను.

"నానెక్కనే గుంటా. నువ్వెళ్లిరా."

ఆ ఊళ్లో ఒక పట్టింపు ఉందట. ఇంటి మగవాడు సముద్రం మీద ఉండగా ఆడమనిషి పడవ మీద కాలు పెట్టకూడదు, పెడితే అతనికి కీడు. ఇంట్లోకి బైబిలు వచ్చినా ఇది మాత్రం బయటికి పోలేదు. పాస్టరుగారు నచ్చజెప్పబోయారు. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నమ్మకం నేక కాదే. ఈ ఏళకి నీ బావ సంద్రం మీదుంటాడు. నాను కాలెట్టాక ఆడికేటైనా అయితే, దేవుడేటి సేస్తాడు?"

దావీదు బావ ఆమెకు ఒక్కడే కొడుకు. తెల్లారకముందే వేటకు వెళితే మధ్యాహ్నానికి గానీ ఒడ్డు చేరడు. పడవ ఆగేలా లేదు. నేను ఎక్కాను. నడి సముద్రంలో ఇంజిన్ ఆపి ప్రార్థన చేశారు. అందరి కళ్లూ మూసి ఉన్నాయి, నేను మాత్రం ఫోన్ కెమెరాలో ఒడ్డును దగ్గరికి లాగి వీడియో తీస్తున్నాను. అత్త గొంతుక్కూర్చుని నీళ్లు దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంటోంది. నేను తిరిగి వచ్చాక, ఉప్పు నేదే, మంచినీల్లే అంది. ఏడ్చినట్టు ముఖం ఉబ్బి ఉంది.

మధ్యాహ్నం భోజనంలో పేతురు చేప అని తలతో సహా వేయించి పెట్టారు. అత్త మొప్ప ఎత్తి చూసి తాజాదేనని ఒప్పుకుంది, చింతపండు పులుసు పెట్టడం వీళ్లకు రాదని విచారించింది. సాయంత్రం యొర్దాను నదిలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుములోతు దిగింది. నీళ్లంటే ఆమెకెప్పుడూ భయం లేదు.

ఊరికొచ్చాక బావ మొదట అడిగింది పడవ సంగతే. ఎక్కలేదని తెలిసి వల పక్కన పెట్టేశాడు.

"ఆ రోజు నాను ఏటకెళ్లనేదమ్మా. నాను సంద్రం మీదుంటే నువ్వెక్కవని తెలుసు. బోటు ఒడ్డుమీదే ఉంచీసినాను."

ముందే చెబితే తన కోసం వేట మానుకున్నాడని తల్లి బాధపడుతుందని చెప్పలేదట. ఒకవేళ అడిగితే చెబుదామని పొద్దుటి నుంచీ ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడట. అత్త వెళ్లి బోటు అంచు మీద చెయ్యేసింది. "అడగాలని తోసనేదురా" అంది.

బేత్లెహేము చూశాం, యెరూషలేము చూశాం, ఖాళీ సమాధి ముందు మోకరించాం. అన్నిచోట్లా నా విశ్వాసం కదిలిన మాట నిజమే. కానీ ఇప్పుడు ప్రార్థనలో కళ్లు మూస్తే కనిపించేది ఒడ్డున గొంతుక్కూర్చున్న మా అత్తే. ఆమె మళ్లీ అంత దూరం వెళ్లలేదు, మోకాళ్లు ఒప్పుకోవు. కొడుకు క్షేమం కోసం ఆమె పడవ వదులుకుంది, ఆమె పడవ ఎక్కాలని అతను వేట వదులుకున్నాడు. ఇద్దరికీ మధ్య నేను, ఇంటికి ఒక్క మాట అడగగలిగే ఫోన్ చేతిలో పెట్టుకుని, వీడియో తీస్తూ ఉండిపోయాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అక్కడ పనిచేసే సిమ్ ముందే వేయించుకోండి. గలిలయలో పడవ ఎక్కే ముందు, ఫోటోల కంటే ముందు, ఇంటికి ఒకసారి ఫోన్ చేయండి.